ఆ డ్రాయింగు ఫోటో పంపకండి

వికారాబాద్ జిల్లా పూడూరు మండలం దామగుండం అడవిలో నౌకాదళం అడుగుపెట్టింది. 2024 అక్టోబరు 15న రక్షణ మంత్రి రాజ్‌నాథ్ సింగ్ వచ్చి, ముఖ్యమంత్రి రేవంత్ రెడ్డి సమక్షంలో జలాంతర్గాములకు ఆదేశాలు పంపే వీఎల్‌ఎఫ్ రేడియో కేంద్రానికి శంకుస్థాపన చేశారు. దానికిచ్చింది 2,900 ఎకరాల అటవీ భూమి. తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లాలో 1990 నుంచి నడుస్తున్న ఐఎన్‌ఎస్ కట్టబొమ్మన్ తర్వాత దేశంలో ఇలాంటిది ఇది రెండోది. సముద్రం మొహం చూడని జిల్లాకు నేవీ రావడం జనానికి వింతగానే ఉంది. వింత చూడటంలో తప్పులేదు. దాన్ని ఫోన్లో ఎక్కించి నలుగురికీ పంచడం దగ్గరే చిక్కు.

ఈ హెచ్చరిక ముఖ్యంగా అక్కడికి కూలికీ, కాంట్రాక్టు పనికీ వెళ్ళేవాళ్ళ కోసం. అంతకన్నా ముఖ్యంగా తాండూరులో, వికారాబాద్‌లో పొద్దున్నే రైలెక్కి హైదరాబాద్ చేరి బాలానగర్, జీడిమెట్ల, చర్లపల్లి షెడ్లలో టర్నర్లుగా, ఫిట్టర్లుగా పనిచేసే పిల్లల కోసం. వాళ్ళ చేతుల మీదుగా పోయే ఉక్కు ముక్కల్లో కొన్ని ఎక్కడికి చేరతాయో వాళ్ళకే తెలియదు. యజమానికి కూడా ఒక్కోసారి తెలియదు. తెలుసుకోవాలని తపించే మనిషి మాత్రం ఎక్కడో ఒక చోట ఫోను పట్టుకుని కూర్చుని ఉన్నాడు.

ఆ ముక్కలు చేరే చోట్లు ఎలాంటివో ముందు చూడండి. విశాఖపట్నం పేరు పెట్టుకున్న డిస్ట్రాయర్ యుద్ధనౌక ఒకటుంది. ఐఎన్‌ఎస్ విశాఖపట్నం 2021 నవంబరు 21న నౌకాదళంలో చేరింది. దాని వెనకే మోర్ముగావ్, ఇంఫాల్ వచ్చాయి. నాలుగోది సూరత్ 2025 జనవరి 15న చేరింది. నాలుగూ ముంబైలోని మజగావ్ డాక్‌లో కట్టినవే. ఒక్కొక్కటి 163 మీటర్ల పొడవు, దాదాపు 7,400 టన్నుల బరువు. పదహారు బ్రహ్మోస్ క్షిపణులు, ముప్పై రెండు బరాక్ క్షిపణులు మోస్తాయి. నాలుగు గ్యాస్ టర్బైన్లు కలిసి తోస్తే 30 నాట్లు దాటిన వేగంతో పరుగెడతాయి. ఈ లెక్కలన్నీ బయట ఉన్నవే. వీటిని పిల్లలకు జీకే ప్రశ్నలుగా అడిగినా ఏ నష్టమూ లేదు.

దాచాల్సినవి వేరు. ఓడ గోడలు ఏటవాలుగా ఎందుకుంటాయి? శత్రువు రాడార్ కిరణం తగిలి తిరిగి అటే పోకుండా పక్కకు చెదిరిపోవాలని. అందుకే డెక్కు మీద ఒక పెట్టెను ఏ కోణంలో బిగించారు, రెయిలింగుకు ఏ పూత వేశారు అన్నది కూడా డిజైనే. నీటి కింద సంగతి ఇంకా సున్నితమైనది. ఓడలో డీజిల్ జనరేటర్లు, పంపులు, గేర్‌బాక్సులు ఒకటే మోత. ఆ అదురు ఇనుము గుండా నీళ్ళలోకి పాకితే మైళ్ళ దూరంలో ఉన్న జలాంతర్గామి చెవిన పడుతుంది. అది పాకకుండా యంత్రాల కింద రబ్బరు దిమ్మెలు వేస్తారు. చూడటానికి లారీ ఇంజను కింద ఉండే మౌంటింగులాగే ఉంటుంది, దాని మీద ఎవరి కన్నూ పడదు. కానీ ఆ దిమ్మె ఎంత మెత్తన, ఎంత బరువు మోస్తుంది, ఒక యంత్రం కింద ఎన్ని పెడతారు అన్నవి తెలిస్తే, ఏ అదురు లోపలే ఆగిపోతుందో, ఏది బయటికి జారిపోతుందో లెక్కగట్టే నిపుణులు ప్రపంచంలో ఉన్నారు. ఓడ గొంతును అంచనా కట్టడంలో వాళ్ళకు ఆ దిమ్మె కొలతల కాగితం కూడా పనికొస్తుంది.

ఇప్పుడు విడిభాగాల చీటీ సంగతి చూడండి. మామూలు మనిషికి అది కిరాణా చిట్టాలా కనిపిస్తుంది. ఫలానా నంబరు బేరింగు ఇన్ని, ఫలానా సీలు ఇన్ని, ఫలానా బ్లేడు ఇన్ని, ఫలానా తేదీలోగా, ఫలానా యార్డుకు. చదవడం వచ్చినవాడికి అందులో కథంతా ఉంది. బేరింగు లోపలి వ్యాసం చెబితే షాఫ్టు లావు తెలుస్తుంది. ఒకే సీలును ఏడాదిలో మూడుసార్లు ఆర్డరు పెడితే అక్కడ ఏదో కారుతోందని తెలుస్తుంది. టర్బైను బ్లేడ్లు ఒక్కసారిగా ఎక్కువ అడిగితే ఆ ఓడ ఎన్ని గంటలు తిరిగిందో అంచనాకు వస్తుంది. డెలివరీ యార్డు, తేదీ చూస్తే ఆ నెలలో ఏ ఓడ రిపేరుకు ఎక్కి ఉందో అర్థమవుతుంది. యుద్ధం వస్తే రేపు పొద్దున ఎన్ని ఓడలు లంగరెత్తగలవు అన్న ప్రశ్నకు జవాబు ఆయుధాగారంలో కన్నా స్టోర్సు రిజిస్టరులోనే తేలిగ్గా దొరుకుతుంది.

విడిభాగం ఎంత గట్టి పట్టో ఒక్క పాత ఉదాహరణ. నలభై ఏళ్ళు సేవ చేసిన ఐఎన్‌ఎస్ రాజ్‌పుత్ 1980 మేలో నౌకాదళంలో చేరి 2021 మే 21న విశ్రాంతి తీసుకుంది. అది సోవియట్ కాలంలో, ఇప్పుడు ఉక్రెయిన్‌లో ఉన్న మైకొలాయివ్ నగరంలో కట్టిన ఓడ. విశాఖపట్నం తరగతి కొత్త ఓడల గ్యాస్ టర్బైన్లు కూడా అదే నగరంలోని జోర్యా సంస్థవి. 2022లో యుద్ధం మొదలై ఆ నగరం మీద బాంబులు పడ్డాయి. ఓడ మనది, ఉక్కు మనది, డిజైను ఢిల్లీలోని నౌకాదళ డిజైను విభాగానిది. అయినా గుండెకాయ విడిభాగం కోసం కాలిపోతున్న ఊరి వైపు చూడాల్సి వచ్చింది. అలాంటప్పుడు మన గోదాములో ఏ భాగం ఎన్ని మిగిలాయన్న సమాచారానికి శత్రువు ఎంత ధర కడతాడో వేరే చెప్పాలా?

హైదరాబాద్ ఈ కథలో నడిమధ్యన ఉంది. కంచన్‌బాగ్‌లోని భారత్ డైనమిక్స్ ఓడల మీది క్షిపణులు తయారుచేస్తుంది. దాని విశాఖ యూనిట్‌లో, నౌకాదళ పరిశోధన సంస్థ ఎన్‌ఎస్‌టీఎల్ రూపొందించిన వరుణాస్త్ర టార్పెడోలు తయారవుతాయి. బ్రహ్మోస్ కూర్పు కేంద్రం హైదరాబాద్‌లో ఉంది. మిధాని ప్రత్యేక లోహాలు పోస్తుంది. పెద్ద గేట్ల దగ్గర సీఐఎస్‌ఎఫ్ జవాన్లు ఉంటారు, ఫోన్లు బయట పెట్టమంటారు, కార్డు చూపిస్తేనే లోపలికి. కానీ అన్ని పనులూ ఆ గేటు లోపల జరగవు. బ్రాకెట్లు, బుష్‌లు, ఫ్లాంజీలు, కవర్లు బయటి చిన్న షెడ్లకు జాబ్ వర్కుగా వెళ్తాయి. అక్కడ గేటూ లేదు, జవానూ లేడు.

ఆ షెడ్డులో ఏం జరుగుతుందో ఆ పని చేసే ఎవరినడిగినా చెబుతారు. లేత్ పక్కన గోడకు క్లిప్పు పెట్టి డ్రాయింగు వేలాడుతుంటుంది. కట్టింగ్ ఆయిలు వేలిముద్రలతో ఒక మూల పారదర్శకంగా అయిపోయి ఉంటుంది. హీట్ ట్రీట్‌మెంటుకు రేటు ఎంతో కనుక్కోవాలి. యజమాని జేబులోంచి ఫోను తీసి టక్కున ఫోటో కొట్టి పక్క వీధి షెడ్డుకు పంపుతాడు. ఆయన దాన్ని ప్లేటింగు వాడికి తోస్తాడు. ప్లేటింగు వాడు తన ట్రేడర్ల గ్రూపులో పెడతాడు. గ్రూపులో రెండొందల మంది. టైటిల్ బ్లాకులో పార్టు నంబరు, ప్రాజెక్టు పేరు, మెటీరియల్ గ్రేడు అన్నీ స్పష్టంగా కనబడుతుంటాయి. ఇందులో ద్రోహబుద్ధి ఎవరికీ లేదు, అందరూ రేటు కోసమే చేశారు. సాయంత్రానికి ఆ కాగితం ఎన్ని ఫోన్లలో ఉందో దేవుడికే ఎరుక. రక్షణ పని ఇచ్చే సంస్థలు డ్రాయింగు కింద రహస్యమని ముద్ర వేసి ఊరుకుంటే సరిపోదు. చిన్న షెడ్లకు ప్రాజెక్టు పేరు తీసేసిన డ్రాయింగు ఇవ్వాలి, పని అయ్యాక తిరిగి తీసుకోవాలి. ఈ మాత్రం చేయకుండా చివరికి టర్నరు పిల్లాడి మీద కేసు పెడితే అది న్యాయం కాదు.

భయపెట్టడానికి చెబుతున్నానని అనుకునేవాళ్ళకు కొన్ని కేసులు. 2019 డిసెంబరులో ఆంధ్రప్రదేశ్ పోలీసు నిఘా విభాగం ఏడుగురు నేవీ సిబ్బందినీ, ఒక హవాలా వ్యాపారినీ అరెస్టు చేసింది. ఫేస్‌బుక్‌లో పరిచయమైన అమ్మాయిల ముసుగులో పాకిస్తాన్ నిఘా మనుషులు ఓడల కదలికలు రాబట్టారన్నది కేసు. తర్వాత అది ఎన్‌ఐఏకి వెళ్ళింది. ఆ నెలలోనే నేవీ ఓడల మీద, స్థావరాల్లో స్మార్ట్‌ఫోన్లను నిషేధించింది. 2022 జూన్‌లో రాచకొండ పోలీసులు హైదరాబాద్‌లోని క్షిపణి ప్రయోగశాలలో కాంట్రాక్టు మీద పనిచేసే ఒక యువకుణ్ణి పట్టుకున్నారు. విదేశీ రక్షణ పత్రికలో పనిచేస్తున్నానంటూ ఒక అమ్మాయి పేరుతో పరిచయం. మాటలు, పెళ్ళి ఆశ, ఆ తర్వాత ఫోటోలు, పత్రాలు. పోలీసులు చెప్పింది ఇదీ.

2025 మేలో మహారాష్ట్ర ఏటీఎస్ ఠాణె జిల్లాలో ఒక జూనియర్ ఇంజినీరును అరెస్టు చేసింది. అతను నేవీ మనిషి కాడు, ముంబై నావల్ డాక్‌యార్డులో పనులు చేసే ప్రైవేటు సంస్థ ఉద్యోగి. లోపలికి ఫోను తీసుకెళ్ళే వీల్లేదు. అందుకని చూసింది గుర్తుపెట్టుకుని, బయటికొచ్చాక బొమ్మలు గీసి, గొంతు రికార్డు చేసి యుద్ధనౌకల వివరాలు పంపాడని ఆరోపణ. అదే ఏడాది నవంబరులో కర్ణాటకలోని ఉడుపి దగ్గర మల్పే యార్డులో సబ్‌కాంట్రాక్టరు కింద పనిచేసే ఇద్దరు నేవీ ఓడల నంబర్లు బయటికి పంపారన్న కేసులో అరెస్టయ్యారు. ఈ కేసుల్లో కోర్టు తేల్చాల్సింది ఉంటుంది, ఆ మాట వేరు. మనం గమనించాల్సింది వరస మారడం. 2019లో వల వేసింది యూనిఫాం వేసుకున్నవాళ్ళకు. 2025కి వచ్చేసరికి కాంట్రాక్టరు దగ్గర పనిచేసేవాళ్ళకు. గేటు గట్టిపడ్డకొద్దీ వల గేటు బయటికి జరుగుతోంది. దామగుండంలో గేటు బయట ఉండేది మనమే.

కేరళ కేసు ఇంకో తీరుది. కొచ్చిన్‌లో నిర్మాణంలో ఉన్న విమానవాహక నౌక విక్రాంత్‌లోంచి 2019 సెప్టెంబరులో హార్డ్ డిస్కులు మాయమయ్యాయి. దేశమంతా విదేశీ కుట్ర అనుకుంది. 2020లో ఎన్‌ఐఏ పట్టుకున్నది ఓడకు రంగులు వేయడానికి వచ్చిన ఇద్దరు కాంట్రాక్టు పనివాళ్ళను. డబ్బు కోసం ఎత్తుకెళ్ళారని దర్యాప్తులో తేలింది. వాళ్ళ దృష్టిలో అవి కంప్యూటర్ సామాను, అమ్మితే నాలుగు డబ్బులు. పరిగి రోడ్డు మీద, తాండూరు బజారులో పాత సామాను కొట్లు నడిపేవాళ్ళు దీన్ని చెవిన వేసుకోవాలి. నిర్మాణ స్థలం నుంచి వచ్చిందంటూ ఎవరైనా కేబుల్, సర్క్యూటు బోర్డు, హార్డ్ డిస్కు, పార్టు నంబరు చెక్కిన ఇత్తడి ముక్క తెస్తే తూకం వెయ్యకండి. చవగ్గా వచ్చిందని కొంటే తర్వాత స్టేషను చుట్టూ తిరగాల్సింది మీరే.

దామగుండం కేంద్రం డిస్ట్రాయర్లతో మాట్లాడటానికని కాదు. డిస్ట్రాయర్లకు ఉపగ్రహాలున్నాయి, వేరే రేడియోలున్నాయి. వీఎల్‌ఎఫ్ అంటే 3 నుంచి 30 కిలోహెర్ట్జ్ మధ్య తరంగాలు, ఒక్కో అల పది నుంచి వంద కిలోమీటర్ల పొడవు. అంత పొడవైన అలలే ఉప్పునీళ్ళలోకి కొన్ని పదుల మీటర్లు దిగగలవు. అందుకే నీళ్ళ అడుగున ఉన్న జలాంతర్గామికి పైకి తేలకుండానే ఆదేశం అందుతుంది. అది జవాబు చెప్పనక్కర్లేదు, వింటే చాలు. ఆ ఆదేశం ఆగిపోకూడదు గనక ఇక్కడి ట్రాన్స్‌మిటరుకు, జనరేటర్లకు, ఆంటెన్నా తీగలకు కూడా విడిభాగాల గోదాము ఉంటుంది, వాటికీ ఒక చిట్టా ఉంటుంది. ఓడకు చెప్పిన లెక్కే ఈ అడవిలోనూ వర్తిస్తుంది. ఏ పరికరం చెడింది, ఏది బాగుకు పోయింది అన్నది డ్రైవరు ఫోన్లోని ఫోటోతో బయటపడొచ్చు.

వల ఎలా వేస్తారో కాస్త దగ్గర నుంచి చూద్దాం. ఫ్రెండ్ రిక్వెస్టు వస్తుంది. ఫోటోలో అమ్మాయి, తెలుగు పేరు, కింద ఏదో కాలేజీ. మొదటి వారం తిన్నావా, పడుకున్నావా తప్ప మాట ఉండదు. రెండో వారం "నువ్వు నేవీ పనిలో ఉన్నావట కదా, అబ్బా గ్రేట్" అంటుంది. తర్వాత "నిజంగానా, ఏదీ సైటు దగ్గర ఒక సెల్ఫీ పెట్టు". సెల్ఫీలో వెనక క్రేను, టవరు పునాది. "ఆ డబ్బాల మీద ఏం రాసుంది, జూమ్ చెయ్యవా" అంటుంది. ఇంకో రోజు ఫోన్‌పేలో రెండు వేలు పడతాయి, నీ పుట్టినరోజుకు చొక్కా కొనుక్కో అని. డబ్బు తీసుకున్నాక అడగటం ఆగుతుంది, అదిలించడం మొదలవుతుంది. పెళ్ళయినవాడైతే ఇంకా సులువు. ఇదే పని మగ గొంతుతో కూడా జరుగుతుంది, రిటైర్డ్ ఆఫీసరునంటూ, కన్సల్టెన్సీ నడుపుతున్నానంటూ, "మీ సైటు ప్రోగ్రెస్ రిపోర్టు పంపితే ఫీజు ఇస్తాం బ్రదర్" అంటూ. నిజమైన పనికి వాట్సాప్‌లో గుట్టుగా ఫీజు ఎవడూ ఇవ్వడు.

సిమ్ కార్డు కూడా ఒక విడిభాగమే వాళ్ళకు. 2023లో ఒడిశా పోలీసులు ముగ్గురిని పట్టుకున్నారు. వేరేవాళ్ళ పేర్ల మీద సిమ్‌లు తీసి ఓటీపీలు అమ్మారనీ, కొన్నవాళ్ళలో పాకిస్తాన్ ఏజెంట్లు ఉన్నారనీ కేసు. మన నంబరుతో అక్కడెవడో వాట్సాప్ తెరుస్తాడు, ఇక్కడి కుర్రాడికి అది ప్లస్ తొంభై ఒకటి నంబరుగానే కనిపిస్తుంది, నమ్ముతాడు. ఐదొందలకు ఓటీపీ చెప్పే పని ఎవరు తెచ్చినా వద్దనండి. నేవీలో ఉద్యోగం ఇప్పిస్తామని ఆధార్, ఫోటోలు, డబ్బు అడిగే బ్రోకర్లు కూడా వస్తారు. నేవీ ఉద్యోగాలు ప్రకటనతో, పరీక్షతో వస్తాయి.

ఇక శని, ఆదివారాలు అనంతగిరికి వచ్చే వాళ్ళకు. ఘాటు మీద మక్కకంకులు కాల్చుకుంటూ, కోట్‌పల్లి చెరువు చూసి, అనంతపద్మనాభస్వామి దర్శనం చేసుకుని వెళ్తే అందరికీ సంతోషమే. కానీ వ్యూ పాయింటు దగ్గర డ్రోన్లు లేస్తున్నాయి. 2021 డ్రోన్ నిబంధనల ప్రకారం రెడ్ జోన్‌లో కేంద్ర ప్రభుత్వ అనుమతి లేకుండా డ్రోను ఎగరెయ్యకూడదు. ఎగరేసే ముందు డిజిటల్ స్కై మ్యాపు చూడండి. రీలు కోసం దామగుండం కంచె వెంబడి బండి మీద వీడియో తీస్తూ పోయే కుర్రాళ్ళకైతే ఇంకో మాట చెప్పాలి. 1923 నాటి అధికార రహస్యాల చట్టం ఇంకా బతికే ఉంది. రక్షణ స్థావరాలకు సంబంధించిన గూఢచర్యానికి దాని కింద పద్నాలుగేళ్ళ దాకా శిక్ష పడొచ్చు. రీలుకు వచ్చే లైకులు ఆ కోర్టులో చెల్లవు.

ఇంత చెప్పాక ఒక మాట గట్టిగా చెప్పకపోతే ఈ హెచ్చరికను ఇంకొకరు వేరే పనికి వాడుకుంటారు. మూసీ పుట్టింది ఈ అనంతగిరి కొండల్లోనే. ఉస్మాన్‌సాగర్ నిండేది ఆ నీళ్ళతోనే. దామగుండంలో ఎన్ని చెట్లు పోతున్నాయి, వాటికి బదులు ఎక్కడ నాటుతున్నారు, వాగులు ఏమవుతాయి, అడవిలోని రామలింగేశ్వరస్వామి గుడికి భక్తులు ఏ దారిన వెళ్ళాలి, పశువులు ఎక్కడ మేయాలి అని అడిగే హక్కు పూడూరు మనిషికి ఉంది. హైకోర్టు దాకా వెళ్ళినవాళ్ళు ఆ హక్కుతోనే వెళ్ళారు. సమాచార హక్కు చట్టం దేశ భద్రతకు సంబంధించిన సమాచారాన్ని మినహాయించింది, చెట్ల లెక్కను కాదు. చెట్టు గురించి అడిగినవాణ్ణి గూఢచారి అనేవాడికి చెట్టూ తెలియదు, గూఢచర్యమూ తెలియదు. అసలు రహస్యాన్ని కాపాడాలంటే రహస్యం కానిదాన్ని దాచకూడదు. అధికారులు బహిరంగంగా చెప్పాల్సింది చెబితే, జనం ఫోను పట్టుకుని కంచె దగ్గరికి పోవాల్సిన పని సగం తగ్గుతుంది.

కాంట్రాక్టర్లు ఈ నెలలోనే చేయగలిగినవి ఉన్నాయి. సైటు వాట్సాప్ గ్రూపులో డ్రాయింగులు, డెలివరీ చలాన్లు పెట్టడం ఆపండి. ఉన్నవి తీయించండి. బయటి మనిషి ఉన్న గ్రూపును మూసేసి కొత్తది తెరవండి. కూలీలకు తెలుగులో, హిందీలో అరగంట కూర్చోబెట్టి చెప్పండి, సంతకం పెట్టించుకుంటే చాలదు. బడిలో పిల్లలకు గురువులు చెప్పాలి. ఫేస్‌బుక్ ప్రొఫైల్లో పనిచేసే చోటు దగ్గర "ఇండియన్ నేవీ" అని గర్వంగా రాసుకున్న కాంట్రాక్టు పిల్లలు ఇవాళే తీసెయ్యండి. వేటగాడు వెతికేది మొదట ఆ గడినే.

ఇప్పటికే ఎవరికైనా ఏదైనా పంపి ఉంటే, డబ్బు పడి ఉంటే, భయంతో ఫోను చెరువులో పారెయ్యకండి, ఫార్మాట్ కొట్టకండి. చాటు చెరిపితే మీరు మోసపోయారన్న ఆధారం కూడా దాంతోపాటే పోతుంది. అవతలివాడి నంబరు, ప్రొఫైలు, డబ్బు వచ్చిన యూపీఐ ఐడీ స్క్రీన్‌షాట్లు తీసి ఉంచుకోండి. ఇంట్లో ఒకరికి చెప్పండి, తోడు తీసుకుని జిల్లా పోలీసు కార్యాలయానికి వెళ్ళండి. వీలైతే వకీలును వెంటబెట్టుకోండి. మళ్ళీ మెసేజి వస్తే జవాబివ్వకండి, బ్లాక్ చెయ్యడానికి ముందు పోలీసులకు చూపించండి.